రంగు రాయిలో ఉందా, రాయి మీద ఉందా: పూత వేసిన రత్నాలను గుర్తించే పద్ధతి

మిస్టిక్ టోపాజ్ అనే పేరుతో అమ్మే రాయిని దీపం కింద కొద్దిగా అటూ ఇటూ తిప్పితే ఆకుపచ్చ, ఊదా, గులాబీ, నీలి రంగులు ఒకదాని వెంట ఒకటి మెరిసి మాయమవుతాయి. ఆ రంగుల్లో ఒక్కటి కూడా రాయి లోపల లేదు. రాయి మాత్రం గనిలో దొరికిన టోపాజే. గీతలు పడకుండా తట్టుకునే శక్తిని 1 నుంచి 10 వరకు లెక్కించే మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 8. స్వతహాగా దానికి రంగు లేదు. సాన పట్టడం పూర్తయ్యాక దాని అడుగు పలకల మీద వేసిన, కంటికి ఆనని పలుచని పొర వల్లనే ఆ రంగులన్నీ పుడుతున్నాయి. కాబట్టి ఇలాంటి రాయిని ముందు పెట్టుకొని ‘ఇది అసలుదా, నకిలీదా’ అని అడిగితే దుకాణదారు ‘అసలుదే’ అంటాడు, ఆ మాట అబద్ధమూ కాదు. రంగు రాయిలో ఏ చోట ఉందని అడిగితేనే పనికొచ్చే జవాబు వస్తుంది.

రంగు ఉండగలిగే చోట్లు స్థూలంగా నాలుగు. అది ఉపరితలం మీద పూతగా ఉండవచ్చు. పై నుంచి కొద్ది లోతు వరకు మాత్రమే ఇంకి ఉండవచ్చు. పగుళ్లలోకి, సూక్ష్మరంధ్రాల్లోకి చేరిన అద్దకంగానో గాజుగానో ఉండవచ్చు. లేదా రాయి అంతటా వ్యాపించి ఉండవచ్చు. వీటిలో మొదటిదాన్ని, మూడోదాన్ని శ్రద్ధ ఉన్నవారెవరైనా ఇంట్లోనే చాలావరకు పసిగట్టగలరు. రెండోది కొన్నిసార్లు దొరుకుతుంది, కొన్నిసార్లు తప్పించుకుంటుంది. నాలుగోదాన్ని ప్రయోగశాలకు వదిలెయ్యడమే మంచిది.

పూత ఎలా పడుతుంది

టోపాజ్ మీద ఈ రంగుల పూతను 1990ల చివర్లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన అజోటిక్ సంస్థ ప్రాచుర్యంలోకి తెచ్చింది. గాలి తీసేసిన గదిలో సాన పట్టిన రాళ్లను వరుసగా అమర్చి, టైటానియం వంటి లోహాలను ఆవిరి రూపంలో వాటి మీదకు పంపుతారు. ఆ ఆవిరి రాయి మీద పొరగా పేరుకుంటుంది. పొర మందం కాంతి తరంగాల పొడవుతో పోల్చదగినంత తక్కువ కాబట్టి, దాని పై తలం నుంచి తిరిగివచ్చే కాంతికీ కింది తలం నుంచి తిరిగివచ్చే కాంతికీ మధ్య కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని రద్దవుతాయి. చూసే కోణం మారితే బలపడే రంగు కూడా మారుతుంది. వాన నీరు నిలిచిన రోడ్డు మీద పెట్రోలు చుక్క పడినప్పుడు కనిపించే రంగుల వలయం వెనక ఉన్నది కూడా ఇదే సూత్రం.

పూతను సాధారణంగా రాయి అడుగు భాగానికే వేస్తారు. పై భాగం ఎప్పుడూ వేలికీ బట్టకూ తగులుతూ ఉంటుంది. అక్కడ పూత వేస్తే త్వరగా అరిగిపోతుంది. అడుగున వేస్తే నగలో పొదిగాక దానికి కొంత రక్షణ దొరుకుతుంది, పైనుంచి చూసేవారికి రంగంతా రాయి లోపలి నుంచి వస్తున్నట్టే అనిపిస్తుంది. గుర్తింపులో మనకు అక్కరకొచ్చేది కూడా ఈ ఏర్పాటే, ఎందుకంటే రాయిని తిరగేసి చూసే అలవాటు కొనేవారిలో చాలామందికి లేదు.

ఇదే పద్ధతిలో బంగారం ఆవిరిని స్ఫటికం మీద పట్టించి లేత నీలి మెరుపు తెప్పిస్తే అది ఆక్వా ఆరా క్వార్ట్జ్ అవుతుంది. వజ్రంలా కనిపించే కృత్రిమ రాయి క్యూబిక్ జిర్కోనియా మీద కూడా రకరకాల పూతలు వేస్తున్నారు. వజ్రాలను కూడా వదల్లేదు: పసుపు ఛాయ ఉన్న వజ్రం నడుము దగ్గర, అంటే పై భాగమూ అడుగు భాగమూ కలిసే అంచు దగ్గర, నీలి సిరా చుక్క పెట్టి తెల్లగా కనిపించేలా చేయడం చాలా పాత ఎత్తు, పలుచని పొరలతో వజ్రానికి గులాబీ రంగు తెప్పించడం ఈ శతాబ్దపు పద్ధతి. పూత ఉన్న వజ్రానికి అమెరికా రత్న పరీక్షా సంస్థ జీఐఏ గ్రేడింగ్ నివేదిక ఇవ్వదు. 2008లో అమెరికా ప్రయోగశాలలు కోబాల్ట్ ఉన్న పూతను టాంజనైట్లనే నీలి ఊదా రత్నాల మీద కనిపెట్టాయి. లేత రంగు రాళ్లను ముదురు నీలంగా చూపడానికి దాన్ని వాడారు. మిస్టిక్ టోపాజ్ తన పూతను దాచుకోదు, అలాంటి రంగుల మేళం ప్రకృతిలో దొరికే టోపాజ్‌కు ఉండదని తెలిసినవారు చూడగానే చెబుతారు. టాంజనైట్ విషయంలో అలా కాదు, ఉన్న రంగునే కాస్త పెంచి చూపుతారు కాబట్టి అనుమానమే రాదు. జాగ్రత్త అవసరమైనది ఈ రెండో రకం దగ్గరే.

పరీక్షకు కావలసినవి

పది రెట్లు పెద్దదిగా చూపే లూప్ ఒకటి, తెల్ల కాగితం, ఫోన్ టార్చి, తెల్లటి పింగాణీ గిన్నెలో మంచినీళ్లు, మెత్తటి బట్ట, రాయిని పట్టుకోవడానికి పట్టకారు ఉంటే చాలు. లూప్ కొనేటప్పుడు మూడు కటకాలు కలిపి చేసినది అడగండి. ఒక్క కటకం ఉన్న చవక భూతద్దాలు అంచుల దగ్గర తామే రంగులు పుట్టించి, లేని అనుమానాలు కలిగిస్తాయి. లూప్‌ను కంటికి దాదాపు ఆనించి, రాయిని దాని దగ్గరికి తెచ్చుకోవాలి. లూప్‌ను రాయి మీద పెట్టి దూరం నుంచి వంగి చూస్తే ఏమీ తెలియదు.

పరీక్షకు ముందు రాయిని బట్టతో బాగా తుడవాలి. వేలి జిడ్డు కూడా వెలుతురులో రంగుల తెరలా మెరుస్తుంది, అనుభవం లేని కన్ను దాన్ని పూతగా పొరబడుతుంది.

తిరగేసి చూడడం

తెల్ల కాగితం మీద రాయిని ముఖం కిందికి వచ్చేలా బోర్లించి, కిటికీ వెలుతురు పలకల మీద పడి నేరుగా కంట్లోకి తిరిగివచ్చేలా తిప్పుతూ చూడండి. ఈ దశలో రాయి లోపలికి తొంగి చూడకూడదు, పలక మీద పడిన వెలుగునే చూడాలి. పూత లేని పలక గాజు ముక్కలాగా తెల్లటి మెరుపునే ఇస్తుంది. పూత ఉన్న పలక మీద ఆ మెరుపు లోహపు ఛాయతో, పసుపుగానో ఊదాగానో నీలంగానో వస్తుంది. మిస్టిక్ టోపాజ్ అయితే లూప్ కూడా అక్కర్లేదు: పైనుంచి చూసినప్పుడు కనిపించిన రంగుల కలబోత మాయమై, అడుగు పలకలు ఒక్కొక్కటి ఒక్కో రంగు లోహపు రేకులా మెరుస్తాయి. రాయిని మళ్లీ తిప్పి పైనున్న పెద్ద పలకను అదే కోణంలో చూస్తే అక్కడ తెల్లటి మెరుపే ఉంటుంది. ముందుకూ వెనక్కూ ఉన్న ఈ తేడా ఒక్కటే చాలు.

తర్వాత లూప్‌తో పలకల అంచులు చూడండి. రెండు పలకలు కలిసే గీత దగ్గర, రాయి కొస దగ్గర, రాయిని నగలో పట్టి ఉంచే కొక్కేలు రాసుకున్న చోట పూత ముందుగా పోతుంది. అక్కడ రంగు లేని సన్నని తెల్లటి గీత కనిపిస్తే, లేదా పలక మధ్యలో ఏదో గీసుకుపోయినట్టు రంగులేని చార ఉంటే, పూత ఉందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. అదే గీత రంగు లోపలిదాకా ఉన్న రాయి మీద పడితే ఆ గీతలో కూడా రాయి రంగే ఉంటుంది. పూత టాంజనైట్లలో ప్రయోగశాలల వారికి కూడా కొన్ని రాళ్లలో ఇలా అంచుల దగ్గర అరిగిన చోట్లే ఆధారమయ్యాయి. కొత్త రాయిలో అరుగుదల ఉండదు కాబట్టి ఇది పాత నగకు బాగా పనికొచ్చే పరీక్ష. కొత్త రాళ్లలో పూత సరిగా అంటని చిన్న చుక్కలు, రంగు గడ్డకట్టిన మచ్చలు, నడుము దగ్గర పూత ఆగిపోయిన సరిహద్దు వెతకాలి.

నీళ్ల గిన్నె పరీక్ష

గాలిలో ఉన్నప్పుడు రాయి పలకలు వెలుతురును అనేకసార్లు విరిచి వెనక్కి పంపుతాయి కాబట్టి రంగు ఎక్కడుందో కంటికి తెలియదు. నీళ్లలో ముంచితే ఆ మెరుపు చాలావరకు తగ్గి, లోపలి రంగు పంపిణీ బయటపడుతుంది. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం నీటికి 1.33, టోపాజ్‌ది సుమారు 1.62, నీలానిది సుమారు 1.76; ఈ తేడా ఎంత తగ్గితే రాయి అంత స్పష్టంగా కనిపిస్తుంది. ప్రయోగశాలల్లో ఇందుకు ఇంకా ఎక్కువ గుణకం ఉన్న ద్రవాలు వాడతారు. ఇంట్లో గ్లిజరిన్ నీటికన్నా మెరుగు. గిన్నె అడుగు తెల్లగా ఉండాలి. రాయిని ముంచి పైనుంచీ పక్కనుంచీ నెమ్మదిగా చూడాలి.

రంగు అడుగు పలకల వెంట పలుచని తెరలా ఉండి మధ్యభాగం ఖాళీగా కనిపిస్తే అది పూత. పలకల అంచుల వెంట, నడుము చుట్టూ రంగు ముదురు గీతలుగా కట్టి, రాయి రూపాన్ని ఎవరో కలంతో గీసినట్టు కనిపిస్తే అది పైపొరలోకి ఇంకించిన రంగు. 1970ల చివరి నుంచి వాడుకలోకి వచ్చిన టైటానియం విసరణ నీలాలు ఇలాగే పట్టుబడతాయి: లేత రంగు కోరండమ్‌ను (నీలం, కెంపు ఈ ఖనిజం రకాలే) టైటానియం ఉన్న పొడిలో పెట్టి చాలా ఎక్కువ వేడిలో ఉంచితే నీలిరంగు పైనుంచి లోపలికి చేరుతుంది, అయితే సాధారణంగా అర మిల్లీమీటరు కూడా దాటదు. అలాంటి రాయిని మళ్లీ సాన పడితే రంగు పోతుంది. సహజమైన నీలంలో రంగు పలకల అంచులను అనుసరించదు. స్ఫటికం పెరిగిన తీరును బట్టి సూటి పట్టీలుగా, కొన్నిచోట్ల గాఢంగా, కొన్నిచోట్ల పలుచగా ఉంటుంది. పట్టీలు సాన పట్టిన రూపంతో సంబంధం లేకుండా అడ్డదిడ్డంగా సాగడం మంచి సూచనే.

2001, 2002 ప్రాంతంలో థాయిలాండ్ నుంచి వచ్చిన బెరిలియం విసరణ రాళ్లకు మాత్రం ఈ పరీక్ష చాలదు. బెరిలియం చాలా చిన్న పరమాణువు కాబట్టి అది రాయి మొత్తంలోకి పాకగలదు, నారింజ, పసుపు రంగులు పూర్తిగా లోపలిదాకా వస్తాయి. దాన్ని ఖాయంగా తేల్చడానికి రాయి మీద లేజర్‌తో సూక్ష్మమైన గుంట చేసి మూలకాలను కొలిచే ఖరీదైన యంత్రం కావాలి. పసుపు రంగులో పెద్ద కనక పుష్యరాగం కొనేవారు ఈ ఒక్క కారణానికైనా ప్రయోగశాల నివేదిక అడగాలి.

ఒక హెచ్చరిక తప్పనిసరి. కుందన్ పనితనం ఉన్న నగలను, అడుగు మూసిన పొదుగుడు నగలను నీళ్లలో ముంచకూడదు. అలాంటి నగల్లో రాయి వెనక బంగారు రేకో వెండి రేకో పెట్టి మెరుపు తెప్పిస్తారు. కెంపుల వెనక ఎర్రటి రేకు పెట్టడం కూడా ఉంది. నీరు చేరితే రేకు నల్లబడి రాయి చచ్చుబడినట్టు కనిపిస్తుంది. ఇది శతాబ్దాలుగా మన దేశంలో అందరికీ తెలిసి చేస్తున్న పని, హైదరాబాద్ నగల్లో దీనికి గౌరవస్థానమే ఉంది. దీన్ని మోసమనడం అన్యాయం. అయితే రేకు వల్ల వచ్చిన రంగును రాయి రంగుగా లెక్కగట్టి ధర వేస్తే ఒప్పుకోకూడదు. ముత్యం, పగడం, ఫిరోజా, ఓపల్, నూనె పట్టించిన పచ్చ కూడా నీళ్ల గిన్నెకూ గ్లిజరిన్‌కూ దూరంగా ఉండవలసినవే.

అద్దకం పట్టిన రాళ్లు

పూసల్లో, ముత్యాల్లో, అగేట్‌లో, జేడ్‌లో పూతకంటే అద్దకమే ఎక్కువ. ఇక్కడ చూడవలసిన చోటు రంధ్రం. దారం ఎక్కించడానికి తొలిచిన రంధ్రం అంచుల దగ్గరా, సన్నని పగుళ్లలోనూ రంగు గడ్డకట్టి మిగతా చోట్ల పలుచగా ఉంటే అద్దకమని అర్థం. హైదరాబాద్ పత్తర్‌గట్టిలో దండలు కొనేవారు నల్లముత్యాలు, ముదురు రంగు ముత్యాలు తీసుకునేటప్పుడు దారాన్ని కొద్దిగా పక్కకు జరిపి లూప్‌తో రంధ్రంలోకి చూడడం అలవాటు చేసుకోవాలి. అసలైన ముత్యాల దుకాణం వారు దీనికి అభ్యంతరం చెప్పరు. పగుళ్లు తెప్పించడానికి స్ఫటికాన్ని వేడిచేసి చల్లటి రంగునీళ్లలో వేయడం మరో పద్ధతి. ఇలా ఆకుపచ్చగానో ఎర్రగానో చేసినది మరకతంగానో కెంపుగానో చలామణీ అవుతుంది. లూప్ కింద రంగు పగుళ్ల వలలో మాత్రమే ఉండి, పగుళ్ల మధ్య రాయి తెల్లగా కనిపిస్తుంది. తెల్లటి హౌలైట్ అనే రాయికి నీలిరంగు పట్టించి ఫిరోజాగా అమ్మడం కూడా ఈ కోవలోదే.

అసిటోన్‌లో తడిపిన దూదితో తుడిస్తే కొన్ని అద్దకాలు దూదికి అంటుకుంటాయి. గోళ్ల రంగు తీసే ద్రవంలో ఉండేది చాలాసార్లు ఇదే. అయితే టోపాజ్ మీది ఆవిరి పూత అసిటోన్‌కు కరగదు, కాబట్టి దూది తెల్లగా ఉన్నంత మాత్రాన రాయికి నిర్దోషి పత్రం ఇచ్చేయకూడదు. పైగా ఈ పరీక్ష రాయిని పాడుచేయగలదు. సొంత రాయి మీద, కనబడని మూల మాత్రమే చేయాలి. సూది కాల్చి గుచ్చడం, గీసి చూడడం లాంటివి అసలే వద్దు. పాలలో నీలం వేస్తే పాలు నీలంగా కనిపించాలనే పరీక్ష మన ప్రాంతంలో ఇప్పటికీ వినిపిస్తుంది. నీలి గాజు ముక్క వేసినా వెలుతురు అలాగే పడుతుంది.

సీసపు గాజు నింపిన కెంపుల గురించి క్లుప్తంగా. 2004 ప్రాంతం నుంచి మార్కెట్‌లోకి వచ్చిన ఈ రాళ్లలో నాసిరకం కోరండమ్ పగుళ్లను సీసం ఉన్న గాజుతో నింపుతారు. లూప్ కింద తిప్పితే పగుళ్ల వెంట నీలి మెరుపు తళుక్కుమంటుంది, గాజులో గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తాయి. నిమ్మరసం కూడా ఆ గాజును తినేస్తుంది.

వేడి, రేడియేషన్

ఇవి రెండూ రంగును లోపలే మార్చేవి కాబట్టి పూతతో కలపకూడదు. శ్రీలంక నుంచి వచ్చే గ్యూడా అనే పాలరంగు కోరండమ్‌ను కాల్చి నీలంగా మార్చడం 1970ల నుంచి థాయిలాండ్‌లో పెద్ద పరిశ్రమగా ఎదిగింది. అంగళ్లలో దొరికే సిట్రిన్ అనే పసుపు రాయి చాలావరకు కాల్చిన అమెథిస్ట్ అనే ఊదా రాయే. నీలి టోపాజ్ దాదాపు అంతా రంగులేని టోపాజ్‌కు రేడియేషన్ ఇచ్చి, తర్వాత వేడిచేసి తెచ్చినదే. ఈ రంగులు అరగవు, సాన పట్టినా పోవు, మామూలు వాడకంలో నిలుస్తాయి. అందుకే రత్న వ్యాపారంలో వీటిని మామూలు విషయంగా తీసుకుంటారు. కాల్చని నీలానికీ కాల్చిన నీలానికీ ధరలో చాలా తేడా ఉంటుంది, ఆ తేడాను లూప్‌తో తేల్చే నేర్పు సాధారణ కొనుగోలుదారుకు రాదు.

బిల్లులో, సర్టిఫికెట్‌లో ఏమి ఉండాలి

నగ మీద ఉండే బీఐఎస్ హాల్‌మార్క్, ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ బంగారం శుద్ధత గురించే చెబుతాయి. రాయి గురించి వాటికి ఏమీ తెలియదు. ‘హాల్‌మార్క్ నగండీ, రాళ్లు కూడా గ్యారంటీ’ అనే మాట దుకాణంలో వినిపిస్తే రాళ్ల సంగతి బిల్లులో విడిగా రాయించుకోవాలి. రాయి పేరు, క్యారెట్లు, రంగు రావడానికి చేసిన పని, ఈ మూడూ ఉండాలి. ‘పుష్యరాగం’ అని మాత్రమే రాస్తే చాలదు, ఎందుకంటే ఆ పేరుతో టోపాజ్ కూడా, నీలం జాతికే చెందిన పసుపు రంగు కోరండమ్ కూడా అమ్ముడవుతున్నాయి. ధరల్లో వాటికి పొంతనే లేదు. టోపాజ్ అనో కోరండమ్ అనో స్పష్టంగా రాయాలి.

ప్రయోగశాల నివేదికలో పెద్ద అక్షరాల్లో ఉన్న ‘నేచురల్’ అనే మాట దగ్గరే ఆగిపోకండి. పూత వేసిన టోపాజ్ కూడా నేచురల్ టోపాజే. కింద చిన్న అక్షరాల్లో వ్యాఖ్యల గడి ఉంటుంది. కోటింగ్, డిఫ్యూజన్, డై, హీటింగ్ వంటి మాటలు అక్కడే కనిపిస్తాయి. అమెరికాలో ఉండి కొనే మన వారికి ఏజీటీఏ అనే రత్న వ్యాపారుల సంఘం సంకేతాలు ఎదురవుతాయి: ‘సి’ పూతకు, ‘డి’ అద్దకానికి, ‘హెచ్’ వేడికి, ‘యు’ విసరణకు, ‘ఆర్’ రేడియేషన్‌కు, ‘ఓ’ నూనెకు, ‘ఎన్’ ఏ మార్పూ చేయని రాయికి. మన దేశంలో బిల్లులో రాసినదానికి భిన్నంగా రాయి తేలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. బిల్లులో ఏమీ రాయించుకోనివారి పక్షాన మాట్లాడడం ఎవరికైనా కష్టమే.

జ్యోతిష్యం కోసం రాయి కొనేవారికి ప్రత్యేకంగా ఒక మాట. వారు అడిగేది రంగును కాదు, జాతి రాయిని. కాబట్టి మార్పు లేని రాయి కావాలని ముందే చెప్పి, నివేదికలో ఆ మాట ఉన్నదో లేదో చూసుకున్నాకే డబ్బు ఇవ్వాలి. వేలికి తొడుగుకున్నాక పరీక్ష చేయించాలంటే ఉంగరం విప్పించాలి, ఆ ఖర్చు కూడా కొన్నవారిదే అవుతుంది.

పూత రాయిని కాపాడుకోవడం

రాయి కాఠిన్యం 8 అయినా పూత దానికన్నా ఎంతో మెత్తన. ఇంట్లో పేరుకునే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి, వాటి కాఠిన్యం 7. పొడి బట్టతో గట్టిగా రుద్దితే ఆ రేణువులే పూతను గీస్తాయి. నగలను చింతపండుతో, నిమ్మరసంతో, పళ్లపొడితో తోమే అలవాటు పూత రాళ్లకు పనికిరాదు. కుంకుడు రసం వాడినా బ్రష్షుతో అడుగు భాగాన్ని రుద్దవద్దు. గోరువెచ్చని నీళ్లలో తేలికపాటి సబ్బు చుక్క వేసి, వేలితో మెల్లగా కడిగి, ఒత్తకుండా ఆరబెడితే సరిపోతుంది. దుకాణాల్లో నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రంలోనూ ఆవిరి యంత్రంలోనూ వేయనివ్వకండి.

ఉంగరం సైజు మార్పించాలన్నా, ఊడిన కొక్కెం అతికించాలన్నా కంసాలికి రాయి సంగతి ముందే చెప్పాలి. అతుకు వేసేటప్పుడు తగిలే మంట, తర్వాత నగను ముంచే యాసిడ్, చివర్లో పెట్టే మెరుగు, ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా పూతను మచ్చలు మచ్చలుగా తీసేయగలదు. అందుచేత రాయిని విప్పి పక్కన పెట్టి పని చేయమనాలి. పూత ఊడిన టోపాజ్‌ను మళ్లీ సాన పట్టిస్తే చేతికి వచ్చేది రంగులేని టోపాజ్. కంసాలి దగ్గర ఆ రంగు తిరిగి రాదు, పూత వేసే యంత్రాలున్న చోటికి ఒక్క రాయిని పంపించే ఖర్చుకు అదే కొలతలో కొత్త రాయి వచ్చేస్తుంది.